ఇంటి తాళం పగిలితే ఏ కేసు అవుతుంది? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లి వచ్చేసరికి ఇల్లు గుల్లయిన వాళ్లు, పీజీల్లో ల్యాప్‌టాప్ పోగొట్టుకున్న పిల్లలు, అనుమానం మీద స్టేషన్‌కు పిలుపు అందుకున్న వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటినే ఇక్కడ ఒకచోట చేర్చాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న మూడు చట్టాల ప్రకారం జవాబులు ఇచ్చాం: నేరాలకు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, పోలీసు, కోర్టు పద్ధతికి భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు ఏది ఏ నేరం

ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడా బర్గ్లరీ అని లేదు. 331, 305 అని నంబర్లు వేశారు. మా కేసు తక్కువ చేశారా?

లేదు, సరిగ్గానే వేశారు. మన చట్టంలో బర్గ్లరీ పేరుతో సెక్షన్ లేదు. ఇంట్లోకి చొరబడటం ఒక నేరం, లోపలి సొమ్ము తీయడం ఇంకో నేరం. మొదటిదానికి బీఎన్‌ఎస్ 331, రెండోదానికి 305 పడతాయి. బెంగళూరు స్టేషన్లలో ఈ రెండూ కలిసిన కేసును హౌస్ బ్రేకింగ్ అండ్ థెఫ్ట్, పొట్టిగా హెచ్‌బీటీ అంటారు, మన ఊళ్లలో కన్నపు దొంగతనం అంటారు. నేరం 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే పాత ఐపీసీ నంబర్లే కనిపిస్తాయి: రాత్రి అయితే 457, పగలైతే 454, వాటి పక్కన 380.

చాలామంది ఫిర్యాదంతా పోయిన బంగారం గురించే రాస్తారు. కానీ సెక్షన్ పోయిన సొమ్మును బట్టి తేలదు. ఎలా లోపలికి వచ్చాడు, ఏ వేళ వచ్చాడు, ఏ ఉద్దేశంతో వచ్చాడు అన్న మూడింటిని బట్టి తేలుతుంది. రెండు వేలు పోయినా, ఇరవై లక్షలు పోయినా 331 ఒకటే.

తాళం పగలగొట్టలేదు, పోయిన మా తాళంచెవితోనే తీశాడు. అయినా హౌస్ బ్రేకింగేనా?

అవును. విరగ్గొట్టడం, బద్దలు కొట్టడం ఉంటేనే హౌస్ బ్రేకింగ్ అనుకోవడం పెద్ద అపోహ. బీఎన్‌ఎస్ 330(2) ఆరు దారులు చెబుతుంది. ఒకటి, తానో తన తోడుదొంగో చేసిన కన్నంలోంచి రావడం. రెండు, మనుషులు రావడానికి ఉద్దేశించని దారిలోంచి రావడం, గోడెక్కి గానీ ఇల్లెక్కి గానీ దిగడం. మూడు, ఇంట్లోవాళ్లు ఉద్దేశించని పద్ధతిలో దారి తెరుచుకుని రావడం. నాలుగు, ఏ తాళమైనా తీసి రావడం. ఐదు, గుమ్మంలో ఉన్నవాళ్లను తోసేసో, కొడతానని బెదిరించో రావడం. ఆరు, మూసి బిగించి ఉందని తెలిసిన దారిని తానే విప్పుకుని రావడం.

నాలుగో దారిలో తాళం తీయడమే లెక్క. అది రాడ్డుతోనా, మారు తాళంచెవితోనా అని చట్టం అడగదు. ఇంటివాడు పారేసుకున్న తాళంచెవి దొరికితే దాంతో తలుపు తీసుకుని వెళ్లడం హౌస్ బ్రేకింగే అని చట్టంలోనే ఉదాహరణ ఉంది. తలుపు సందులోంచి తీగ పోనిచ్చి గడియ ఎత్తడం కూడా అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపలికి మామూలుగా వచ్చి, దొంగతనం చేసి, బయటికి పోయేటప్పుడు ఈ ఆరు దారుల్లో ఏదో ఒకటి వాడినా హౌస్ బ్రేకింగే. పగలు డెలివరీ పేరుతో లోపలికొచ్చి, పని కానిచ్చి, వెనక బాల్కనీ గోడ దూకి పోయినవాడు ఈ కోవలోకే వస్తాడు.

పీజీలో తలుపు తీసే ఉంది. ఎవడో తిన్నగా వచ్చి ల్యాప్‌టాప్ పట్టుకుపోయాడు. ఇదేం కేసు?

తెరిచి ఉన్న తలుపులోంచి వస్తే హౌస్ బ్రేకింగ్ కాదు. అలాగని చిన్న కేసూ కాదు. మనుషులు ఉండే కట్టడంలో దొంగతనానికి బీఎన్‌ఎస్ 305 కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. దొంగిలించాలనే ఉద్దేశంతో పరాయి ఇంట్లోకి రావడానికి 332 కింద మరో ఏడేళ్ల వరకు పడవచ్చు. పీజీ గది, హాస్టల్ గది అన్నీ నివాసాలే.

"తలుపు ఎందుకు వేసుకోలేదు?" అని స్టేషన్లో అడుగుతారు. అడగనివ్వండి. మీ అజాగ్రత్త దొంగకు మినహాయింపు కాదు. కానీ తాళం వేశామని మాత్రం అబద్ధం రాయకండి. పీజీ కారిడార్ కెమెరాలో అంతా కనిపిస్తుంది.

కిటికీలోంచి చెయ్యి పెట్టి ఫోన్ లాగేశాడు. కాలు కూడా లోపల పెట్టలేదు. చొరబాటు ఎలా అవుతుంది?

శరీరంలో ఏ భాగం లోపలికి వచ్చినా ప్రవేశమే అని 329(2)కి వివరణ ఉంది. చెయ్యి చాలు. కిటికీ మనుషులు రావడానికి పెట్టిన దారి కాదు కాబట్టి అది హౌస్ బ్రేకింగ్ కూడా అవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్లో చార్జింగ్‌కు పెట్టిన ఫోన్లు ఎక్కువగా ఇలాగే పోతాయి. చెయ్యి బయటే ఉండి, కొక్కెం కట్టిన కర్ర ఒక్కటే లోపలికి వస్తే ప్రవేశం మీద వాదన లేస్తుంది. అప్పుడు కేసు ప్రధానంగా 305 మీద నిలబడుతుంది.

మా రూమ్మేటే తీశాడని తేలింది. పనిమనిషి అయితే ఇంకో సెక్షనా?

ఆ ఇంట్లో ఉండే హక్కు ఉన్నవాడి మీద చొరబాటు కేసు నిలవదు. రూమ్మేట్ మీద 305 పడుతుంది. మీరు తాళం వేసుకున్న కబోర్డునో సూట్‌కేసునో పగలగొట్టి తీస్తే 334 కూడా కలుస్తుంది. దానికి రెండేళ్ల వరకు. జీతానికి పనిచేసేవాళ్లు యజమాని సొత్తు తీస్తే 306, ఏడేళ్ల వరకు. అదే మాజీ రూమ్మేట్ అయితే లెక్క మారిపోతుంది. గది ఖాళీ చేసి వెళ్లాక, తిరిగి ఇవ్వని తాళంచెవితో వచ్చి తీస్తే అది శుద్ధ హౌస్ బ్రేకింగ్.

తాళం పగిలింది గానీ ఏమీ పోలేదు. కేసు అవుతుందా?

అవుతుంది, పెట్టాలి కూడా. 331(3), 331(4) సెక్షన్లకు దొంగతనం చేయాలనే ఉద్దేశంతో చొరబడితే చాలు, సొమ్ము పోనక్కర్లేదు. బీరువా గుడ్డలు కిందపడి ఉండటం, సొరుగులు లాగి ఉండటం ఆ ఉద్దేశానికి సాక్ష్యం. అందుకే పోలీసులు చూసేదాకా సర్దకండి. గొళ్లెం వంగి, తలుపు తెరుచుకోక, లోపలికి రాకుండానే పారిపోతే అది ప్రయత్నం. సెక్షన్ 62 కింద గరిష్ఠ శిక్షలో సగం వరకు వేయవచ్చు.

షాపు, గోడౌన్, గుడి, కారు వీటన్నిటికీ ఇవే సెక్షన్లా?

చట్టం దృష్టిలో ఇల్లంటే మూడు: మనుషులు నివసించే కట్టడం, గుడారం లేదా ఓడ, ప్రార్థన జరిగే కట్టడం, సొత్తు భద్రపరిచే కట్టడం. కాబట్టి చిక్‌పేటలో బట్టల గోడౌన్‌కూ, వీధి చివరి అమ్మవారి గుడికీ 331 వర్తిస్తుంది. గుడిలో విగ్రహం పోతే దానికి 305లో విడిగా మాట ఉంది. షట్టర్ దించే ముందే షాపులో దాక్కుని రాత్రంతా సరుకు మూటగట్టినవాడిది పొంచి చొరబడటం, అదీ 331 కిందకే. ఆరుబయట సైట్‌లో పేర్చిన సిమెంటు బస్తాలు, ఇనుము పోతే అక్కడ ఇల్లు లేదు. మామూలు దొంగతనం, 303, మూడేళ్ల వరకు. కారు అద్దం పగలగొట్టి బ్యాగు తీసుకుంటే హౌస్ బ్రేకింగ్ కాదు గానీ వాహనంలోంచి వస్తువు తీయడం 305లో ఉంది.

అద్దె గొడవలో ఇంటి ఓనరే మా తాళం పగలగొట్టి సామాను బయట పడేశాడు. ఆయన ఇల్లే కదా అంటున్నారు.

చొరబాటు చట్టం ఇల్లు ఎవరి పేరున ఉందో చూడదు, ఎవరి స్వాధీనంలో ఉందో చూస్తుంది. అద్దెకున్నంత కాలం స్వాధీనం మీది. మిమ్మల్ని భయపెట్టాలనో, ఇబ్బంది పెట్టాలనో తాళం తీసి లోపలికి వస్తే ఓనరు మీదా 331(1) పడుతుంది, రెండేళ్ల వరకు. సామాను తీసుకుపోకుండా బయట పెట్టాడు కాబట్టి దొంగతనం మాత్రం రాకపోవచ్చు. "ఇది సివిల్ మేటర్" అని పంపేయడం స్టేషన్లలో మామూలే. అద్దె ఒప్పందం, అద్దె పంపిన యూపీఐ రికార్డు, మీ పేరున్న గ్యాస్ బిల్లు పట్టుకెళ్లండి. స్వాధీనానికి అవే సాక్ష్యం.

## రాత్రా పగలా, ఎన్నేళ్ల శిక్ష

రాత్రి అంటే ఎన్ని గంటల నుంచి? సాయంత్రం ఏడుకు జరిగింది.

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అని చట్టం సూటిగా అంటుంది. బెంగళూరులో సంక్రాంతి రోజుల్లో ఆరుంబావు ప్రాంతంలో పొద్దుగూకుతుంది, మర్నాడు ఆరూ ముప్పావు దాకా తెల్లారదు. అంటే జనవరిలో సాయంత్రం ఏడు రాత్రే, ఉదయం ఆరున్నరా రాత్రే. జూన్‌లో సాయంత్రం ఆరున్నరకు ఇంకా పొద్దు ఉంటుంది.

ఐదు రోజులు ఊళ్లో ఉండి వచ్చిన ఇంట్లో దొంగ ఎప్పుడు పడ్డాడో ఎలా తెలుస్తుంది అన్నదే అసలు చిక్కు. రాత్రి అని రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌ది. రుజువు కాకపోతే ఆ సందేహం నిందితుడికే లాభం, పద్నాలుగేళ్ల సెక్షన్ కాస్తా పదేళ్ల దానికి దిగుతుంది. కాబట్టి సమయాన్ని వీలైనంత కుదించండి. ఎదురింటివాళ్లు చివరిసారి తాళం సరిగ్గా ఉండగా ఎప్పుడు చూశారు? పాలు వేసే అబ్బాయి ఏ తెల్లవారుజామున తలుపు ఓరగా చూశాడు? ఈ రెండు మాటల మధ్యనున్న గంటలే మీ కేసు.

అసలు ఎన్నేళ్లు పడుతుంది? ఒకరు మూడంటారు, ఒకరు పద్నాలుగంటారు.

ఇద్దరూ ఒక రకంగా నిజమే చెబుతున్నారు. హౌస్ బ్రేకింగ్ ఒక్కటే అయితే పగలు రెండేళ్ల వరకు, రాత్రి మూడేళ్ల వరకు. ఏదైనా నేరం చేయడానికి చొరబడితే పగలు మూడేళ్లు, రాత్రి ఐదేళ్లు. ఆ నేరం దొంగతనమైతే పగలు పదేళ్లు, రాత్రి పద్నాలుగేళ్ల దాకా. కొట్టడానికో కట్టేయడానికో సిద్ధపడి వస్తే పగలు పదేళ్లు, రాత్రి పద్నాలుగు. చొరబడి తీవ్రంగా గాయపరిస్తే యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. అన్నిటికీ జరిమానా అదనం. ఇవన్నీ గరిష్ఠాలు, కచ్చితంగా పడే సంఖ్యలు కావు.

పద్నాలుగేళ్ల దాకా ఉన్న రాత్రి కన్నపు దొంగతనాన్ని విచారించేది ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటే. ఆ కోర్టు మూడేళ్లకు మించి జైలు వేయలేదు. అంతకన్నా ఎక్కువ వేయాలనిపిస్తే ఫైలును చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేట్‌కు పంపాలి, అక్కడ ఏడేళ్ల దాకా వేయవచ్చు. పేపర్లో "పద్నాలుగేళ్ల శిక్ష పడే సెక్షన్లు" అని చదివి అంత లెక్క వేసుకోవద్దు.

లోపల ఉన్న ఆడవాళ్లకు కత్తి చూపించి నగలు ఒలుచుకున్నారు. ఇది కూడా 331యేనా?

చొరబాటు వరకు అదే. కానీ భయపెట్టి లాక్కోవడంతో అది దోపిడీ అయింది, 309, పదేళ్ల వరకు కఠిన కారాగారం. వచ్చినవాళ్లు ఐదుగురు లేదా అంతకు మించితే 310 కింద బందిపోటుతనం. బయట ఆటోలో కాపలా కూర్చున్నవాడిని కూడా ఆ ఐదుగురిలో లెక్కేస్తారు. అందుకే ఎంతమందిని చూశారు, ఎన్ని గొంతులు విన్నారు అన్నది మొదటి ఫిర్యాదులోనే రావాలి.

దొంగ ఇంట్లోనే దొరికాడు. కొట్టొచ్చా?

ఆపడానికి ఎంత కావాలో అంత. రాత్రివేళ ఇంట్లోకి చొరబడ్డవాడి విషయంలో చట్టం మీకు చాలా పెద్ద హక్కు ఇచ్చింది. బీఎన్‌ఎస్ 41 ప్రకారం ఆస్తి రక్షణలో ప్రాణం తీయడం వరకు వెళ్లే కొద్ది సందర్భాల్లో రాత్రి హౌస్ బ్రేకింగ్ ఒకటి. కానీ దానికి రెండు కళ్లాలు ఉన్నాయి. అవసరానికి మించి హాని చేయకూడదు. వాడు ఇంట్లో ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటుంది. పట్టుకుని, స్తంభానికి కట్టేసి, అపార్ట్‌మెంటంతా పోగై చితకబాదితే అది ఆత్మరక్షణ కాదు. మీ మీదే గాయపరిచిన కేసు పడుతుంది, చనిపోతే హత్య కేసు. పట్టుకున్నవాడిని ఆలస్యం లేకుండా, ఎంత లేటైనా ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని బీఎన్‌ఎస్‌ఎస్ 40 చెబుతోంది. వెంటనే 112కి ఫోన్ చేయండి.

## ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్

తాళం పగిలి ఉండటం చూశాం. ముందు ఏం చేయాలి?

లోపలికి వెళ్లకండి, దొంగ ఇంకా అక్కడే ఉండొచ్చు. 112కి ఫోన్ చేయండి. గడప అవతలి నుంచే తలుపు, గొళ్లెం, తాళం ఫోటోలు తీయండి. గొళ్లేన్ని దగ్గరగా తీయండి. చాలాసార్లు తాళం వేసినట్టే వేలాడుతూ ఉంటుంది, దొంగ గొళ్లెం స్క్రూలను ఊడబెరికి ఉంటాడు. ఆ వంపు, చెక్కమీద రాడ్డు ఆనించిన నొక్కు, కిందపడ్డ స్క్రూలు దారి ఎలా తెరిచాడో చెప్పే సాక్ష్యాలు. బీరువా హ్యాండిల్, గాజు, నున్నటి ప్లాస్టిక్ డబ్బాలు ముట్టుకోకండి, వేలిముద్రలు దొరికేది అక్కడే. కంగారులో అమ్మ ఇల్లు ఊడ్చేసిన కేసుల్లో ఫింగర్‌ప్రింట్ టీమ్ వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోతుంది.

మేమింకా కడపలో ఉన్నాం. పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఇక్కడే కంప్లైంట్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173 అంటోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, తర్వాత బెంగళూరు స్టేషన్‌కు బదిలీ అవుతుంది. ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలోనూ పంపవచ్చు, కానీ మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. అయినా మా మాట వినండి: రాత్రి బస్సెక్కి వచ్చి స్థానిక స్టేషన్లో ఇవ్వడమే మేలు. ఇంట్లో ఏం పోయిందో చూడకుండా ఇచ్చిన ఫిర్యాదు తర్వాత అతుకుల బొంత అవుతుంది. ఈలోగా పక్కింటివాళ్లతో 112కి ఫోన్ చేయించి, తలుపు దగ్గర ఎవరినైనా ఉంచండి.

కంప్లైంట్‌లో ఏం రాయాలి? కన్నడ రాదు.

మీరు నోటితో చెప్పినా రాసుకుని చదివి వినిపించాలి. కన్నడలో రాస్తే అర్థం చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి. బెంగళూరు స్టేషన్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు దొరకడం కష్టం కాదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాయాల్సింది ఈ తీరున ఉంటే చాలు:

"జనవరి 12 రాత్రి 9 గంటలకు మెయిన్ డోర్‌కు, గ్రిల్‌కు తాళాలు వేసి ఊరెళ్లాం. తాళంచెవులు మా దగ్గరే ఉన్నాయి. 15 రాత్రి 10 గంటలకు గ్రిల్ తాళం సరిగ్గానే ఉందని ఎదురు ఫ్లాట్‌వారు చూశారు. 16 తెల్లవారుజామున 5 గంటలకు గ్రిల్ తెరిచి ఉందని పాలు వేసే అబ్బాయి వారికి చెప్పాడు. గ్రిల్ తాళం కోసి ఉంది, మెయిన్ డోర్ గొళ్లెం ఊడదీసి ఉంది. బెడ్‌రూమ్ బీరువా లాకర్ పగిలి ఉంది. అందులోని 32 గ్రాముల నల్లపూసల గొలుసు, 16 గ్రాముల గాజులు రెండు, 40 వేల నగదు లేవు. మా అనుమతి లేకుండా రాత్రివేళ చొరబడి దొంగిలించారు."

దారి, వేళ, ఉద్దేశం, సొమ్ము నాలుగూ ఇందులో ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్ల పేరు రాయాలంటే కారణం కూడా రాయండి. కోపం మీద పనిమనిషి పేరు రాసేసి తర్వాత నాలుక కరుచుకునేవాళ్లు ఎక్కువ.

ఎఫ్‌ఐఆర్ వద్దు, ముందు ఎంక్వైరీ చేస్తామంటున్నారు. చేతిలో ఎన్‌సీఆర్ కాగితం పెట్టారు.

ఎన్‌సీఆర్, అంటే నాన్ కాగ్నిజబుల్ రిపోర్ట్, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని నేరాలకు ఇచ్చేది. హౌస్ బ్రేకింగ్, ఇంట్లో దొంగతనం ఆ జాతివి కావు, ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ అన్నది మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకే, అదీ డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో. ఇంట్లో దొంగతనం ఏడేళ్లది, రాత్రి కన్నపు దొంగతనం పద్నాలుగేళ్లది, రెండూ దాని పరిధిలోకి రావు. ఇదే మాట మర్యాదగా చెప్పండి. వినకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, బెంగళూరు కమిషనరేట్‌లో ఆ హోదా డీసీపీది. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

తాళం పగిలినా 303 ఒక్కటే వేశారు. తర్వాత మార్పించవచ్చా?

మార్పించవచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో నంబర్లు ఆఖరి మాట కాదు. దర్యాప్తు అధికారికి ఫోటోలు జతచేసి లేఖ ఇచ్చి, రసీదు తీసుకోండి. 331, 305 చేర్చమని ఆయన కోర్టుకు కోరిక పెడతారు. చార్జ్‌షీట్‌లో మారవచ్చు, కోర్టు అభియోగాలు మోపేటప్పుడు మారవచ్చు, తీర్పుకు ముందు ఎప్పుడైనా మార్చే అధికారం కోర్టుకు ఉంది. వాంగ్మూలంలో లేని గొళ్లెం గురించి రెండేళ్ల తర్వాత కోర్టులో చెబితే మాత్రం డిఫెన్స్ లాయర్ వదలడు.

బంగారానికి బిల్లుల్లేవు. అమ్మమ్మ ఇచ్చిన నగలు.

ఎఫ్‌ఐఆర్‌కు బిల్లు అక్కర్లేదు. పెళ్లిలో, పేరంటంలో ఆ నగ వేసుకున్న ఫోటోలు వెతకండి. అతుకు పెట్టించిన చోటు, రాయి ఊడిన గుంట, వెనక కొట్టించిన అక్షరం లాంటి గుర్తులు రాయండి. నగ దొరికితే మీదేనని నిరూపించేవి అవే. కొత్త హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాంకెల గుర్తింపు కోడ్, అంటే హెచ్‌యూఐడీ ఉంటుంది, బిల్లులో దొరికితే అది రాయండి. బరువులు పెంచి రాయకండి. తర్వాత ఇంకేదైనా పోయినట్టు తెలిస్తే అదనపు వాంగ్మూలం ఇవ్వవచ్చు.

## దర్యాప్తు, రికవరీ

సీసీటీవీలో దొంగ కనిపించాడు. ఫోన్లో వీడియో తీసుకున్నాం. చాలదా?

పట్టుకోవడానికి పనికొస్తుంది, రుజువుకు చాలదు. మానిటర్‌ను ఫోన్‌తో తీసిన వీడియో మీద వాదనలు లేస్తాయి. కెమెరా రికార్డింగ్ పెట్టె, అంటే డీవీఆర్ నుంచి నేరుగా కాపీ తీయించి, సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ ఉంటుంది, ఒక భాగం యంత్రం నడిపేవారు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అన్నిటికన్నా ముందు తొందరపడాల్సింది వేరే ఉంది: హార్డ్‌డిస్క్ నిండగానే పాత ఫుటేజ్ మీద కొత్తది పడిపోతుంది. ఎదురు షాపు, వీధి మలుపు, అపార్ట్‌మెంట్ గేటు కెమెరాల జాబితా అదే రోజు దర్యాప్తు అధికారికి ఇచ్చి, ఫుటేజ్ చెరపవద్దని ఆ యజమానులకు మీరూ చెప్పండి.

దొంగ దొరికాడు, స్టేషన్లో అంతా ఒప్పుకున్నాడట. ఇక శిక్ష ఖాయమేనా?

కాదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అతను చెప్పిన మాటతో నగ ఫలానా చోట బయటపడితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే చెల్లుతుంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఒకడి దగ్గర దొరికి, అతను సరైన కారణం చెప్పలేకపోతే, దొంగ గానీ తెలిసి కొన్నవాడు గానీ అని కోర్టు అనుకోవచ్చు. నెలలు గడిచేకొద్దీ ఆ ఊహకు బలం తగ్గుతుంది. రికవరీ సమయంలో సంతకం పెట్టిన పంచులు, అంటే సాక్షులు, కోర్టులో ఎదురు తిరగడం వల్లే చాలా కేసులు వీగిపోతాయి.

మా నగ తాకట్టు షాపులో దొరికింది. షాపువాడు డబ్బు కడితేనే ఇస్తానంటున్నాడు.

మీరు కట్టక్కర్లేదు. దొంగసొత్తు మీద తాకట్టు పెట్టుకున్నవాడికి హక్కు పుట్టదు. పోలీసులు స్వాధీనం చేసుకుంటారు. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే అతని మీద 317(2) పడుతుంది, మూడేళ్ల వరకు. మీరే బేరమాడి విడిపించుకుంటే రికవరీ సాక్ష్యం పోతుంది.

రికవరీ అయిన బంగారం కేసు అయ్యేదాకా ఇవ్వరా?

ఇస్తారు. చార్జ్‌షీట్ దాకా కూడా ఆగనక్కర్లేదు. మధ్యంతరంగా ఇప్పించమని మెజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టాలి. నగలను ఫోటో తీసి, వివరంగా పంచనామా రాసి, బాండు తీసుకుని త్వరగా ఇచ్చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 497 గడువులే పెట్టింది: సొత్తు కోర్టు ముందుకొచ్చిన పద్నాలుగు రోజుల్లో వివరాల పట్టిక, ఫోటో లేదా వీడియో, ఆ తర్వాత ముప్పై రోజుల్లో దాని సంగతి తేలుస్తూ ఉత్తర్వు. నగ చేతికొచ్చాక కరిగించడం, అమ్మడం, రూపం మార్చడం చేయకండి. కోర్టు అడిగినప్పుడు చూపిస్తానని మీరు బాండు రాసిచ్చారు.

నెలలు గడిచాయి, సీ రిపోర్ట్ వేశామన్నారు. అదేంటి? ఇన్సూరెన్స్ వస్తుందా?

కర్ణాటకలో దొంగ ఆచూకీ దొరకని కేసుకు వేసేది సీ రిపోర్ట్, కేసే తప్పుడుదంటే బీ రిపోర్ట్. సీ రిపోర్ట్ పడినా కొత్త ఆధారం దొరికితే కేసు మళ్లీ తెరుస్తారు. తొంభై రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలపాల్సిన బాధ్యత పోలీసులది, అడగండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఎఫ్‌ఐఆర్, సీ రిపోర్ట్ కాపీలు కావాలి. అయితే చట్టం లెక్క, పాలసీ లెక్క ఒకటి కావు. మారు తాళంచెవితో తీసినా క్రిమినల్ చట్టంలో హౌస్ బ్రేకింగే. కానీ బలప్రయోగంతో చొరబడితేనే క్లెయిమ్ అని పాలసీలో రాసి ఉంటే కోర్టు ఆ రాతనే చూస్తుంది. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పి క్లెయిమ్ తోసిపుచ్చింది. వంగిన గొళ్లెం ఫోటో విలువ క్లెయిమ్ రోజున తెలుస్తుంది.

## మనవాళ్ల మీదే కేసు పడితే

మా తమ్ముడిని అనుమానంతో స్టేషన్‌కు రమ్మన్నారు. వెళ్లాలా?

ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న 305 లాంటి సెక్షన్‌కు అరెస్టు తప్పనిసరి కాదు. హాజరుకమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటీసు వస్తే వెళ్లి తీరాలి, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది. రాత్రి కన్నపు దొంగతనం ఏడేళ్లు దాటినది కాబట్టి ఆ రక్షణ అంత గట్టిగా పనిచేయదు. అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, అడిగే చోటు స్టేషన్ కాదు, కోర్టు అని. ఘటన వేళకు ఆఫీసు లాగిన్, మెట్రో ప్రయాణం, బస్ టికెట్ లాంటి ఆధారం ఏదైనా ఉంటే మొదటి రోజే లాయర్‌కు ఇవ్వండి.

సొమ్ము తిరిగి ఇచ్చేశాడు. కాంప్రమైజ్ అయితే కేసు పోతుందా?

303 మామూలు దొంగతనం రాజీకి వీలున్నది. పోయినదాని విలువ ఐదు వేలలోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడై, సొత్తు తిరిగిస్తే సమాజ సేవతో సరిపెట్టే వెసులుబాటు కూడా అందులో ఉంది. 305, దొంగతనం కోసం చేసిన 331 మాత్రం రాజీ జాబితాలో లేవు. ఇరుపక్షాలూ కాగితం రాసుకుని స్టేషన్లో ఇస్తే కేసు ఆగదు. హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కొట్టేయమని అడగాలి, ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. స్టేషన్లో "మేం చూసుకుంటాం" అన్న మాట మీద సొమ్ము పుచ్చుకుని వాయిదాలకు వెళ్లడం మానేస్తే, ఫిర్యాదుదారుకే సాక్షి సమన్లు వస్తాయి, ఆపైన వారెంటు వస్తుంది.